మేస్త్రి గీసిన తెల్ల గీత

తమ్ముడు తలుపు తట్టకముందే లోపలి నుంచి అక్క "వస్తున్నా" అంది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి మేస్త్రి గుమ్మం ముందు నిలబడ్డాడు. రోజూ ఇదే తంతు. కార్లు బాగుచేసే తన షెడ్డుకు వెళ్ళే దారిలోనే అక్క ఇల్లు. పొద్దున్నే అక్కడ టీ తాగి పనిలోకి వెళ్ళడం అతని అలవాటు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతని వేళ్ళు ఆ తలుపును తాకలేదు.

అక్కకు చప్పుళ్ళన్నీ ఒక రెప్పపాటు ముందు వినిపిస్తాయి. పుట్టినప్పటి నుంచీ అంతే. ఫోను మోగకముందే ఎత్తుతుంది. కుక్కర్ కూత వెయ్యకముందే స్టవ్ కట్టేస్తుంది. ఎదుటివాళ్ళు జోకు సగంలో ఉండగానే నవ్వేసి కుట్టుపనిలో పడిపోతుంది. చిన్నప్పుడు ఒక డాక్టరు లైటు వేసి చూసి, చెవులు శుభ్రంగా ఉన్నాయని చెప్పి పంపించేశాడు. ఆ తరవాత ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. కొందరిది ఎడమచేతి వాటం, కొందరికి నిద్రలో నడిచే అలవాటు. ఈవిడకు ఇది.

గుండెల్లో కంగారు పెరిగితే మాత్రం ఆ రెప్పపాటు సాగుతుంది. కూతురు పుట్టిన రోజున నర్సు ఇంకా చేతులు కడుక్కుంటూ ఉండగానే, "ఆడపిల్లేనా, సరే" అందట అక్క. ఆ కంగారు తగ్గాక మళ్ళీ రెప్పపాటుకే వచ్చింది.

బావ ఆసుపత్రి వంటశాలలో పని చేస్తాడు, మెత్తటి మనిషి. పెళ్ళయిన కొత్తలోనే మాటను సగంలో ఆపేయడం నేర్చుకున్నాడు. "నా గొడుగు..." అంటాడు. "తలుపు వెనక" అంటుంది అక్క. "ఇవాళ నాకు..." అంటే, "ఆలస్యమవుతుంది, తెలిసింది" అంటుంది. ఆయనకు దీనివల్ల నోటి శ్రమ తగ్గిందే తప్ప వేరే బాధ లేదు. మేస్త్రికి మాత్రం ఒళ్ళు మండుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అక్క ముందు ఒక్క మాట కూడా చివరిదాకా చెప్పిన పాపాన పోలేదు అతను.

"ఈ రోజన్నా..." అన్నాడు టీ గ్లాసు అందుకుంటూ.

"వేడిగానే ఉంది, ఊదుకుని తాగు."

"నేను ఇంకా అనలేదు."

"అనబోయావుగా."

"అనబోవడం వేరు, అనడం వేరు అక్కా."

"అది కూడా విన్నాను" అంది అక్క, మిషను తొక్కుతూ.

మిషను మీద లేత నీలం చొక్కా ఉంది. కూతురి కోసం కుడుతోంది. అందరూ ఆ పిల్లను పిచ్చుక అంటారు. చిన్నప్పుడు ఒకచోట నిలిచేది కాదు, ఆ పేరే ఉండిపోయింది. పిచ్చుకకు బీమా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. పిచ్చుకకేమో కారు నడపడం తప్ప మరో ధ్యాస లేదు. కొండ మీదికి ఒక్కొక్క కారునే వదిలి, ఎవరు తొందరగా ఎక్కారో చూసే పందెం ఆదివారం ఉంది. అందులో మంచి సమయం తెస్తే తమ జట్టులోకి తీసుకుంటామని ఒక పందెపు జట్టువాళ్ళు చెప్పారు. తల్లీకూతుళ్ళు నెలరోజులు మాటలు మానేసి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం పరుగు బాగా అయితే అమ్మ మరి అడ్డు చెప్పదు. కారు మధ్యలో ఆగినా, జట్టువాళ్ళు వద్దన్నా, సోమవారం పిచ్చుక నీలం చొక్కా తొడుక్కుని బస్సెక్కుతుంది. మళ్ళీ కారు మాట ఎత్తదు.

ఆ కారును తయారు చేసింది మేనమామే. శుక్రవారం వచ్చింది. కారు మాత్రం దారికి రాలేదు.

"చొక్కా ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు మేస్త్రి, విషయం మారుద్దామని.

"చేతులు ఎక్కించాలి" అంది అక్క. అతను 'చొక్కా' అన్న మాట దగ్గర ఉండగానే చెప్పేసింది. మేస్త్రి టీ సగం వదిలేసి లేచాడు.

*

షెడ్డులో పిచ్చుక అప్పటికే కారును రోలర్ల మీదికి ఎక్కించి ఉంచింది. నేలలోకి దించిన రెండు ఇనప రోలర్లవి. వాటి మీద చక్రాలు నిలబెట్టి, కారును పట్టీలతో కట్టేస్తే, ఉన్నచోటే ఎంత వేగమైనా పరిగెత్తించి చూడొచ్చు. పక్కనే స్టూలు, స్టూలు మీద ల్యాప్‌టాప్, దాని తెర మీద గళ్ళ నిండా అంకెలు.

ఆ అంకెలన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు: స్పార్క్ ఎప్పుడు పడాలి? పిస్టన్ పైకి వస్తూ గాలినీ పెట్రోలునూ కలిపి నొక్కుతుంది. అది పైకి చేరాక నిప్పు పెడితే ఆలస్యమే. మంట పాకేలోపు పిస్టన్ కిందికి జారిపోతుంది. అందుకని కొంచెం ముందు పెట్టాలి. ఎంత ముందన్నది డిగ్రీల్లో లెక్క. దాన్నే టైమింగ్ అంటారు. ఈ కారుకు టర్బో ఉంది. అది గాలిని బలవంతంగా ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి కిక్కిరిసిన కొద్దీ మంట తొందరగా పాకుతుంది, కాబట్టి స్పార్క్‌ను వెనక్కి లాగాలి. ఒత్తిడి పెరిగినప్పుడు తొందర తగ్గించుకోవాలి. ఇంజన్ల వరకు మేస్త్రికి ఈ సంగతి బాగా తెలుసు.

స్పార్క్ మరీ ముందు పడితే, పైకొస్తున్న పిస్టన్‌కు మంట ఎదురెళ్ళి కొడుతుంది. దాన్ని నాక్ అంటారు. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. కాసేపు అలాగే కొట్టనిస్తే పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

మేస్త్రి పని ఇలా ఉంటుంది. ఇంజన్ ఒంటికి ఒక రాగి గొట్టం బిగిస్తాడు. దాని రెండో కొసకు చెవులు మూసే డిప్పలు తగిలించుకుంటాడు. పిచ్చుక లోపల కూర్చుని యాక్సిలరేటర్ తొక్కుతుంది. గులకరాళ్ళు వినపడగానే అతను చెయ్యి ఎత్తుతాడు, ఆమె కాలు తీస్తుంది. అతను ల్యాప్‌టాప్‌లో ఒక డిగ్రీ వెనక్కి లాగుతాడు. మళ్ళీ మొదలు.

వారమంతా అదే పని. ఒక వేగం దగ్గర నాక్ తగ్గిస్తే ఇంకో వేగం దగ్గర లేచేది. అక్కడ తగ్గిస్తే, ఎండ ఎక్కాక మొదటి చోటే మళ్ళీ వచ్చేది. పైగా అంకెలకు, కారుకు పొంతన లేదు. తెర మీద అంకెలు చూస్తే స్పార్క్ ఎంతో వెనక్కి పోయింది. ఆ లెక్కన బండి ఈసురోమంటూ నడవాలి. రోలర్ల మీద చూస్తే గుర్రంలా ఉరుకుతోంది. ఇంకా వెనక్కి లాగాలంటే మేస్త్రికి చెయ్యి రావడం లేదు. ఏ ఇంజన్‌కూ ఇంత వెనక్కి లాగలేదు తను.

సోమవారం అతను పెట్రోలును తిట్టాడు. కల్తీ అని తీర్మానించి ట్యాంకు ఖాళీ చేయించి, వేరే బంకు నుంచి తెప్పించాడు. మంగళవారం స్పార్క్ ప్లగ్గులను తిట్టాడు. బుధవారం గాలిని చల్లబరిచే రేడియేటర్‌ను ఊడదీసి కడిగాడు. గురువారం ల్యాప్‌టాప్‌ను తిట్టాడు. ఈ శుక్రవారం పొద్దున దారిలో విడిభాగాల షాపు దగ్గర ఆగి మరీ, "నువ్వు అమ్మేవి ప్లగ్గులా, పెన్సిళ్ళా?" అని నలుగురిలో అడిగి వచ్చాడు. కోపంతో ఏ నట్టూ ఊడదు. అది అతనికి ఎవరైనా చెప్పి ఉండాల్సింది. చెప్పే ధైర్యం ఉన్నవాళ్ళు ఆ షెడ్డులో ఒక్కరే.

"మామయ్యా" అంది పిచ్చుక, కిటికీలోంచి తల బయటపెట్టి. "సున్నా సరిగ్గా ఉందంటావా?"

"ఏం సున్నా?"

"అదే, పుల్లీ మీద గీత."

ఇంజన్ ముందు భాగంలో తిరిగే ఇనప చక్రం పుల్లీ. దాని అంచు మీద సన్నటి తెల్ల గీత ఉంటుంది. ఆ గీత ఇంజన్ మీది సున్నా గుర్తుకు ఎదురుగా వచ్చినప్పుడు మొదటి పిస్టన్ సరిగ్గా పైన ఉన్నట్టు. స్పార్క్‌తో పాటే వెలిగే లైటును ఆ గీత మీదికి పట్టి చూసి, ల్యాప్‌టాప్ చెప్పే డిగ్రీ, ఇంజన్ నిజంగా ఇచ్చే డిగ్రీ ఒకటే అని ముందుగా సరిచూసుకుంటారు. మేస్త్రి ఇంజన్ కట్టగానే ఆ పని చేశాడు. అక్కడ ఏ తేడా ఉన్నా ల్యాప్‌టాప్‌లో సర్దేశాడు.

"ఆ గీత ఎవరు గీశారు?" అన్నాడు.

"నువ్వే."

"ఎప్పుడు గీశాను?"

"నేను స్కూల్లో ఉన్నప్పుడు."

"అప్పట్నుంచి ఎన్ని ఇంజన్లకు ఆ పుల్లీ వేశానో తెలుసా? ఎన్ని పందాలు గెలిచిందో తెలుసా? నా గీత మీద నాకు లేని అనుమానం నీకొచ్చిందా? తొక్కు."

"ఒక్కసారి ప్లగ్ తీసి, పిస్టన్ ఎక్కడుందో..."

"తొక్కమన్నానా?"

పిచ్చుక తొక్కింది. ఇంజన్ గొంతెత్తింది. టర్బో ఈల అందుకుంది. మేస్త్రి చెయ్యి లేచింది. కానీ ఈసారి లేచేసరికే రాళ్ళు రాలిపోయాయి. అతను ఇంజన్ ఆపించి, వేడి ప్లగ్ ఊడదీసి, దీపం కిందికి తీసుకెళ్ళాడు. తెల్లటి పింగాణీ మీద సూదిమొనంత మెరుపులు, వెండి రజను చల్లినట్టు. ఆ వెండి పిస్టన్ నుంచి లేచి వచ్చిందే. పిస్టన్ తనను తాను ఉమ్మేసుకుంటోంది.

మేస్త్రి ఆ ప్లగ్‌ను పిచ్చుకకు చూపించలేదు. చూపించకుండా జేబులో వేసుకోబోయాడు. అతని మొహం చూసి ఆమే వచ్చి చెయ్యి చాపింది. తీసుకుని చూసింది.

"ఇలాగే ఇంకో నాలుగుసార్లు వింటే చాలు, పోతుంది" అన్నాడు మేస్త్రి. "వినకపోతే సరిచేయలేను. వింటే పోతుంది. ఏం చెయ్యమంటావు?"

"అమ్మను పిలువు" అంది పిచ్చుక.

"మీ అమ్మనా?"

"అమ్మకు రాళ్ళు పడకముందే వినపడతాయిగా."

మేస్త్రి పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. అక్కను పిలవడమంటే తన పనిలో తను ఓడిపోయానని ఒప్పుకోవడం. పిలిచి తీసుకొస్తే వినిపించిందల్లా చెప్పేస్తుంది, అదీ తను అడగకముందే. పైగా కారు నడవకూడదని కోరుకునే మనిషి ఈ లోకంలో ఎవరన్నా ఉంటే అది ఆవిడే. పిచ్చుకకు ఈ సంగతి తెలియదా? తెలుసు. తెలిసే అంటోంది.

*

అతను వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది.

"రాను" అంది అక్క.

ఎప్పుడైనా అయితే మేస్త్రి అక్కడి నుంచే తిరిగొచ్చేవాడు. జవాబు ముందే వచ్చేసినప్పుడు ప్రశ్న దండగ అనుకునే మనిషి. దానివల్ల తన మాటల మొదటి సగాలే అక్కకు చేరాయని, రెండో సగాలన్నీ తన దగ్గరే మిగిలిపోయాయని అతనికి ఎన్నడూ తట్టలేదు. ఆ రోజు మాత్రం కాళ్ళు కదల్లేదు.

"నువ్వు రావని తెలుసు" అన్నాడు. "అయినా అడుగుతాను. షెడ్డుకు రా అక్కా. ఒక గంట కూర్చో. వారం నుంచి కొట్టుకుంటున్నాను. పెట్రోలును అన్నాను, ప్లగ్గులను అన్నాను, ఆ పిల్లను అన్నాను. నాకు తెలియట్లేదు."

గదిలో బావ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. బామ్మర్ది నోటి నుంచి ఆ చివరి మాట ఆయన ఎప్పుడూ వినలేదు. అక్క కూడా వినలేదు, ముందుగానైనా సరే.

"మరి నీ..." అన్నాడు బావ భార్యతో.

"వెంట తీసుకెళ్తాను, అక్కడే కుట్టుకుంటాను" అంది అక్క. నీలం చొక్కాను, సూది దారాలను, చిన్న కత్తెరను సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

వీధి మలుపు దగ్గర అక్క టక్కున ఆగి తమ్ముడి చెయ్యి పట్టి వెనక్కి లాగింది. తరవాత హారన్ మోగింది. తరవాత లారీ పోయింది. ఇద్దరూ రోడ్డు దాటారు.

*

షెడ్డులో అక్క కోసం పిచ్చుక కుర్చీ తుడిచి, రోలర్లకు దూరంగా, గోడవారగా వేసింది. అక్క కూర్చుని ఒళ్ళో చొక్కా పరుచుకుంది. ఒక చెయ్యి భుజానికి టాకా వేసి ఉంది. పక్కా కుట్టు వెయ్యాలి.

"నీకు రాళ్ళ చప్పుడు వినిపించగానే వేలు ఎత్తు అక్కా" అన్నాడు మేస్త్రి. "నేను..."

"పిల్లకు సైగ చేస్తావు. సరే."

మేస్త్రి పళ్ళు బిగించి డిప్పలు తగిలించుకున్నాడు. పిచ్చుక కారులో కూర్చుంది. తల్లి వైపు చూడలేదు. తల్లీ చూడలేదు.

ఇంజన్ అందుకుంది. పిచ్చుక వేగం పెంచింది. టర్బో ఈల వెయ్యబోతుండగా అక్క వేలు లేచింది, మేస్త్రి చెయ్యి ఊపాడు, పిచ్చుక కాలు తీసింది. రాగి గొట్టంలో అతనికి ఏమీ వినపడలేదు. ఆఖరికి పిస్టన్‌కు దెబ్బ తగలకుండా ఒక నాక్ దొరికింది. పడని రాళ్ళ చప్పుడు ఆవిడకు ఎలా వినిపించిందని అక్కడ ఎవరూ అడగలేదు. పని మీదున్నవాళ్ళకు అలాంటి ప్రశ్నలకు తీరిక ఉండదు.

మళ్ళీ చేశారు. మళ్ళీ. అతను అంకెలు మార్చడం, ఆవిడ వేలు ఎత్తడం. కానీ చిక్కు విడలేదు. ఏ వేగం దగ్గర చూసినా వేలు లేస్తూనే ఉంది. మేస్త్రి డిప్పలు పీకి స్టూలు మీద విసిరాడు. అవి దొర్లి కింద పడ్డాయి.

"ఇంకెంత వెనక్కి లాగాలి దీన్ని? వెనక గోడ తగులుతుంది. ఎక్కడ మొదలవుతోంది ఇది? టర్బో లేచాకేగా?"

అక్క జవాబు చెప్పలేదు.

సూది గుచ్చింది, దారం లాగింది. మేస్త్రి తన ప్రశ్న తను పూర్తిగా విన్నాడు. షెడ్డులో వేడి ఇనుము చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. పిచ్చుక అద్దంలోంచి తల్లిని చూస్తోంది. అక్క ఒళ్ళో చొక్కా మీద చెయ్యి ఆనించి, లేత నీలం గుడ్డను ఒకసారి నిమిరింది. ఎక్కడా ముడత లేదు. అయినా నిమిరింది.

నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. ఆదివారం కారు మొదటి ఎత్తులోనే పొగ వదిలి ఆగిపోతుంది. ఎవరికీ దెబ్బ తగలదు. సోమవారం కూతురు టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కుతుంది, సాయంత్రానికి ఇంటికొస్తుంది. ఏ కొండ మలుపు చప్పుడూ ముందుగా వినాల్సిన అవసరం ఆ తల్లికి ఇక ఉండదు.

పుట్టిన తరవాత మొదటిసారి అక్క ఆలస్యంగా మాట్లాడింది.

"టర్బో లేచాక కాదు" అంది. "మొదటి నుంచీ ఉంది."

"ఏంటి?"

"పిల్ల కాలు అలా ఆనించినప్పుడే సన్నగా ఉంది. దూరంగా ఎవరో బియ్యం ఏరుతున్నట్టు. నువ్వు రాళ్ళనే చెప్పమన్నావు, అందుకని ఊరుకున్నాను. ఇంజన్ నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా ఉంది."

మేస్త్రి ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు. నెమ్మదిగా పోతున్నప్పటి అంకెలను అతను ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. ఎన్నో ఇంజన్లకు అవే అంకెలు, ఎప్పుడూ చప్పుడు లేదు. అక్కడ కూడా నాక్ ఉందంటే తప్పు ఒక చోట లేదు, అన్ని చోట్లా ఒకే కొలత తప్పు ఉంది. అన్ని చోట్లా ఒకే కొలత తప్పు ఉందంటే...

అతను పిచ్చుక మొహం చూడకుండానే, "మొదటి ప్లగ్ తియ్యి" అన్నాడు.

ప్లగ్ ఊడిన రంధ్రంలో పిచ్చుక ఒక సన్నటి రాడ్ దించి, రెండు వేళ్ళతో నిలబెట్టి పట్టుకుంది. అతను పెద్ద స్పానర్‌తో ఇంజన్‌ను చేత్తో తిప్పాడు. పిస్టన్ పైకొస్తున్న కొద్దీ రాడ్ లేస్తోంది. కింద పుల్లీ మీద తెల్ల గీత నెమ్మదిగా తిరిగి వచ్చి, సున్నా గుర్తుకు ఎదురుగా నిలిచింది.

"సున్నా" అన్నాడు మేస్త్రి.

"ఇంకా తిప్పు" అంది పిచ్చుక.

తిప్పాడు.

"ఇంకా లేస్తోంది మామయ్యా."

ఇంకొంచెం తిప్పాడు.

"ఇంకా లేస్తోంది."

గీత సున్నాను దాటిపోయింది. రాడ్ ఇంకా లేస్తూనే ఉంది. అది ఆగేసరికి గీత ఆరు డిగ్రీలు అవతల ఉంది.

ఆ పుల్లీ ఒకే ముక్క కాదు. మధ్యలో ఇనప దిమ్మ, అంచున ఇనప కంకణం, అదురును మింగడానికి రెండింటికీ మధ్య రబ్బరు. ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు ఎండి పట్టు వదిలింది. పై కంకణం ఒకనాడు తనంతట తానే ముందుకు జారింది. గీత ఉన్నది కంకణం మీద. పిస్టన్ ఇంకా దారిలో ఉండగానే గీత వచ్చి, చేరిపోయామని చెబుతోంది. మేస్త్రి ఆ గీతను నమ్మి ల్యాప్‌టాప్‌ను దానికి సర్దాడు. తెర మీద ఎంత వెనక్కి లాగినా, లోపల స్పార్క్ ఆరు డిగ్రీలు ముందే పడుతోంది.

అతను స్పానర్‌ను నెమ్మదిగా కింద పెట్టాడు. విసిరికొట్టాలనిపించింది. ఎవరినైనా గట్టిగా తిట్టాలనీ అనిపించింది. చుట్టూ చూశాడు. పెట్రోలు మంచిదే. ప్లగ్గులు మంచివే. ల్యాప్‌టాప్ చెప్పింది చెప్పినట్టే చేసింది. పిల్ల ముందే అడిగింది. వారం రోజుల కోపమంతా చేతిలో ఉంది, పెట్టడానికి చోటు లేదు.

"పొద్దున నేను..." అన్నాడు పిచ్చుకతో.

పిల్లది తల్లి చెవి కాదు కనుక, ఆ మాట ముగిసేదాకా ఆగింది. అతనే ముగించాలి.

"పొద్దున నేను నీ మాట వినాల్సింది" అన్నాడు.

"సరే" అంది పిచ్చుక. "కొత్త పుల్లీ ఉందా?"

కొత్త పుల్లీ విడిభాగాల షాపులో ఉంది. పొద్దున తిట్టిన నోటితోనే మేస్త్రి వెళ్ళి అడిగాడు.

"పెన్సిళ్ళు ఎలా ఉన్నాయి మేస్త్రీ?" అన్నాడు షాపాయన, అట్టపెట్టె దించుతూ.

"ప్లగ్గులు బాగున్నాయి. తప్పు నాది."

షాపాయన పెట్టె మీది దుమ్ము తుడిచి ఇచ్చాడు. ఇంకేం అడగలేదు. అతనికి ఇంకో రెండు మాటలు అనాలని ఉండే ఉంటుంది. అనకపోవడం అతని పెద్దమనిషితనం.

సాయంత్రానికి కొత్త పుల్లీ ఎక్కింది. ఈసారి మేస్త్రి ముందు రాడ్ దించి, పిస్టన్ నిజంగా పైనున్న చోటు చూసి, ఆ తరవాతే గీత గీశాడు. లైటు పట్టి చూసి ల్యాప్‌టాప్‌ను సరిచేశాడు. వారమంతా వెనక్కి లాగిన అంకెలను పాత చోట్లకు తెచ్చాడు. అక్క మళ్ళీ కుర్చీలో కూర్చుంది. పిచ్చుక తొక్కింది. ఇంజన్ గొంతెత్తింది, టర్బో ఈల వేసింది, షెడ్డు రేకులు అదిరాయి. మేస్త్రి చూపు మీటరు ముళ్ళ మీద కాదు, అక్క వేలి మీద ఉంది. ఆ వేలు సూదిని పట్టుకునే ఉంది. ఒక కుట్టు, ఇంకో కుట్టు. లేవలేదు.

పిచ్చుక ఇంజన్ ఆపాక, అక్క దారం కొరికి, "నాకేం వినపడలేదు" అంది. ఆ మాటలో సంతోషం లేదు.

పిచ్చుక చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళింది. మేస్త్రి వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పకుండా ఉంటే..."

"ఆగిపోయేది. సోమవారం ఈ చొక్కా తొడుక్కునేది. తెలుసురా."

"మరెందుకు..."

"వినపడింది కాబట్టి. వినపడనట్టు కూర్చుని, ఆ పిల్ల చేతికి ఈ చొక్కా ఎలా ఇవ్వను?" చొక్కాను ఎత్తి దులిపింది. రెండు చేతులూ ఎక్కాయి. భుజాలు చక్కగా, బిగువుగా కూర్చున్నాయి. మంచి ఆఫీసు చొక్కా.

*

ఆదివారం కొండ మీద గాలి చల్లగా ఉంది. గమ్యం దగ్గర తాడు కట్టి, తాడు ఇవతల జనాన్ని నిలబెట్టారు. ఒక స్తంభానికి మైకు కట్టారు. అక్క చొక్కా ఉన్న సంచిని చంకన పెట్టుకుని తమ్ముడి పక్కన నిలబడింది. బావకు ఆసుపత్రిలో సెలవు దొరకలేదు. పొద్దున "పిల్లతో..." అన్నాడు, "చెప్తాను" అంది అక్క.

ఒక్కొక్క కారూ వస్తోంది, మైకు సమయం చదువుతోంది. చివరికి కొండ అడుగు నుంచి పిచ్చుక కారు బయల్దేరిన చప్పుడు గాలి మీద తేలి వచ్చింది. అక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆ చెవులకు మూసుకోవడం వల్ల లాభం లేదని ఆవిడకు తెలుసు. అయినా మూసుకుంది.

ఇంజన్ చప్పుడు ఒక మలుపులో సన్నబడింది, ఇంకో మలుపులో లావెక్కింది. మేస్త్రి దాన్ని ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. రాళ్ళు లేవు. బియ్యం కూడా లేదు. తరవాత కారు పెద్ద బండ వెనక్కి పోయింది. చప్పుడు ఆగిపోయింది.

ఆగిపోయిందా, బండ అడ్డం వచ్చిందా? రోడ్డు ఖాళీగా ఉంది. మలుపు దగ్గర జెండా పట్టుకున్నవాడు కదలకుండా ఉన్నాడు. "అక్కా, ఏమన్నా..." అనబోయాడు మేస్త్రి. అక్క వైపు నుంచి ఏ జవాబూ రాలేదు. కళ్ళు మూసుకుని ఉంది. కంగారుకు ఆవిడ రెప్పపాటు సాగిపోయినట్టుంది. పెదవులు కదులుతున్నాయి, దేన్నో దాటిస్తున్నట్టు, ఒక మలుపు, ఇంకో మలుపు. ఎంత ముందుకు వెళ్ళిపోయిందో, ఎక్కడుందో అతనికి తెలియదు. తను ఉన్నచోట మాత్రం లేదు.

ఉన్నట్టుండి ఆవిడ చేతులు చెవుల మీది నుంచి జారాయి. కళ్ళు తెరిచింది. గట్టిగా ఊపిరి వదిలి, అక్కడే రాయి మీద కూలబడింది. సంచిలోంచి నీలం చొక్కా తీసింది. చిన్న కత్తెర తీసింది. కుడిచేతి చంక దగ్గర, మొన్న షెడ్డులో వేసిన కుట్టు కిందికి కత్తెర మొన దూర్చి, టప్పున కోసింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు మేస్త్రి.

"ఇక్కడ వదులు లేదు" అంది అక్క. "బల్ల ముందు కూర్చునేదానికి ఇది చాలు. స్టీరింగ్ తిప్పేదానికి చాలదు. చంకలో ముక్క వెయ్యాలి."

మేస్త్రి రోడ్డు వైపు చూశాడు. రోడ్డు ఇంకా ఖాళీగానే ఉంది. ఇంకా రాలేదు కదక్కా, అనడానికి నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అంటున్న మాటే అది. ఈసారి నోరు మూసుకుని, ఆవిడ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గ్రీజు మరకలు పోని వేళ్ళతో చొక్కా రెండో చెయ్యి అందుకుని, కుట్టు తెగడానికి వీలుగా బిగించి పట్టుకున్నాడు.

ఆవిడ విప్పుతూ ఉండగా మలుపు దగ్గర జెండా లేచింది. కారు బండ వెనక నుంచి బయటపడి, చివరి ఎత్తు ఎక్కి, తాడు ముందు నుంచి దూసుకుపోయింది. దుమ్ము లేచి ఇద్దరి మీదా పడింది. జనం తాడు మీదికి తోసుకొచ్చారు. అక్క తలెత్తలేదు. రెండో చెయ్యి కూడా ఊడి వచ్చి తమ్ముడి చేతుల్లో పడింది.

స్తంభం మీద మైకు గరగరలాడి, సమయం చదవడానికి గొంతు సవరించుకుంది.